ఆ కాఫీ ఆమె తాగలేదు

ఈ వారం ఉత్తరం పల్నాడు వైపు నుంచి వచ్చింది. నోటుబుక్కు కాగితాల మీద చేత్తో రాసిన ఏడు పేజీలు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వాళ్ల వీధిలోవాళ్లు పోల్చుకోకుండా ఒకటి రెండు వివరాలు నేనే మార్చాను. విషయం ఇదీ.

ఆవిడకి 33 ఏళ్లు. ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తారు. భర్తకి ఎరువుల కొట్టు ఉంది. ఎనిమిదేళ్ల పాప. మామగారు పోయి ఆరేళ్లయింది, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. పొలం, ఊళ్లో పరపతి ఉన్న కుటుంబం. వారపత్రికల్లో సీరియళ్లు తప్ప ఏమీ చదవని ఆవిడ మూడేళ్ల కిందట రాజ్యాంగం పాఠం కోసమని శాఖా గ్రంథాలయానికి వెళ్లి అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ తెచ్చుకున్నారు. ఒక్క రాత్రిలో చదివేశారు. ఆ తర్వాత జాషువా ‘గబ్బిలం’, ఫూలే దంపతుల జీవితాలు, కారంచేడు మీద వచ్చిన వ్యాసాలు. “నా ఇంట్లో పదేళ్లుగా చూస్తున్నవాటికి పేర్లున్నాయని అప్పుడు తెలిసింది” అని రాశారు.

ఇంట్లో చూస్తున్నవి ఏమిటంటే: పెరట్లో గోడ గూట్లో బోర్లించి ఉండే ఒక స్టీలు గ్లాసు. పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమె అందులోనే కాఫీ తాగుతుంది, తనే కడుక్కుని మళ్లీ అక్కడే పెడుతుంది. వంటింటి గడప దాటదు. అంట్లన్నీ ఆమే తోముతుంది, తోమిన గిన్నెల మీద అత్తగారు ఓ చెంబెడు నీళ్లు పోసి లోపలికి తీసుకెళ్తారు.

రెండు నెలల కిందట ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ వీళ్లింట్లోనే జరిగింది. యాభై అరవై మంది చుట్టాలు. పొద్దుటి నుంచి అంట్ల దగ్గరే ఉన్న ఆమెకి మన పాఠకురాలు ఇంట్లోవాళ్ల గ్లాసులో కాఫీ పోసి ఇచ్చారు. చిన్నత్తగారు చూసి “అందులో పోశావేంటే, ఆమె గ్లాసు గూట్లో ఉందిగా” అన్నారు. అంతే. గూట్లో గ్లాసు తీసి నేలకేసి కొట్టానని, పది నిమిషాలు ఆగకుండా మాట్లాడానని రాశారు. రాజ్యాంగంలో అంటరానితనం మీద ఉన్న 17వ అధికరణం చదివి వినిపించారు. “మీరందరూ జైల్లో ఉండాల్సినవాళ్లు” అన్నారు. పెద్ద మామగారు భోజనం దగ్గర నుంచి లేచి వెళ్లిపోయారు. అత్తగారు ఏడ్చారు. పనిచేసే ఆమె కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసి పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. అదే వీధిలో చుట్టాలవి మరో రెండిళ్లలో ఆమె పనిచేసేది. ఆ ఇద్దరూ “నీ మూలంగానే ఇంత గొడవ” అని మాన్పించారు. నాలుగిళ్లలో ఇప్పుడు ఒక్క ఇల్లు మిగిలింది. కూరగాయల మార్కెట్లో కనబడితే మన పాఠకురాలు దగ్గరికి వెళ్లారు. ఆమె “నా గురించి ఇంకేం మాట్లాడకండి చిన్నమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను” అని పక్కకి తప్పుకుంది.

అత్తగారు మాట్లాడటం లేదు. భర్త “నువ్వన్నది నిజమే, కానీ నలుగురిలో అనాలా” అంటున్నారు, పుస్తకాలు అటకెక్కించమంటున్నారు. చుట్టాల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఈలోగా స్కూల్లో ఒక మాస్టారు, ఏప్రిల్ 14న టౌన్లో జరిగే అంబేడ్కర్ జయంతి సభలో ఆ రోజు జరిగింది చెప్పమని అడుగుతున్నారు. “నేను తప్పు చేశానా? చదవడం మానేయాలా? ఆమెని మళ్లీ ఎలా తీసుకురావాలి? సభకి వెళ్లాలా?” ఇవీ ఆవిడ ప్రశ్నలు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను, అది టీచరుగా నాకు మిగిలిన జబ్బు. ఏడు పేజీల్లో అంబేడ్కర్ పేరు పదకొండు చోట్ల వచ్చింది. మీ పెద్ద మామగారి పేరుంది. పత్రికలో వేయకూడదని మీకు తెలిసీ మీ ఆడపడుచు కూతురి పేరు కూడా రాశారు. ఎవరి కోసం ఆ రోజు అంత మాట్లాడారో ఆమె పేరు ఎక్కడా లేదు. మొదటి పేజీ నుంచి చివరి దాకా “మా పనిమనిషి”.

మిమ్మల్ని చిన్నబుచ్చడానికి ఇది ఎత్తి చూపడం లేదు. నా కథ చెప్తాను. మా నాన్న పొలంలో పాలేరుకి నీళ్లు పోసే పని పదేళ్లప్పుడు నాకు అప్పగించారు. చెంబు ఎంత ఎత్తున పట్టుకోవాలో మా నాయనమ్మ చూపించింది. అతను వంగి దోసిలి పట్టేవాడు. నాకు పెద్దరికం వచ్చిందని సంబరపడేదాన్ని. ఆ తర్వాత కాలేజీలో అస్పృశ్యత మీద వక్తృత్వ పోటీలో నాకు ఫస్టు ప్రైజు వచ్చింది, స్టీలు పళ్లెం. ఆ ప్రసంగంలో దేశమంతా తిరిగొచ్చాను గానీ, మా చెంబు ఒక్కసారి గుర్తుకు రాలేదు. మీరు నాకంటే నయం, మీ ఇంటి గూడు మీకు కనబడింది.

ఇక తప్పు చేశానా అన్నారు. ఆ గ్లాసు తప్పు. దాన్ని తప్పనడం తప్పు కాదు, ఇందులో నాన్చుడు ఏమీ లేదు. వయసైనవాళ్లు, పాత అలవాటు, నొచ్చుకుంటారు అనే మాటల కింద దాన్ని దాచేయమని నేను చెప్పను. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి అంటే అందరం ముఖం చిట్లిస్తాం. ఇళ్లలో రెండు గ్లాసుల పద్ధతికి మాత్రం “మా ఇంటి ఆచారం” అని ముద్దుపేరు పెట్టుకున్నాం.

కానీ ఆ పది నిమిషాలూ ఒకసారి ఆమె వైపు నుంచి చూడండి. పొద్దున ఆరింటి నుంచి అరవై మంది ఎంగిలి కంచాలు తోముతోంది. ఎవరో కాఫీ ఇచ్చారు. తాగుదామనుకునేలోపు ఇంట్లో పెద్దావిడ గొంతు, ఆ వెంటనే గ్లాసు నేలకి కొట్టిన చప్పుడు. అరవై మంది కళ్లు ఆమె మీద. ఆమె కులం గురించి, ఆమె అంటరానితనం గురించి, ఆమె తాగే గ్లాసు గురించి ఒక మనిషి గట్టిగా మాట్లాడుతోంది. ఆమెకి అనుకూలంగానే మాట్లాడుతోంది, నిజమే. అలా మాట్లాడమని ఆమె అడగలేదు. ఆ మాటల ఖరీదు సాయంత్రానికల్లా ఎవరు కట్టాల్సి వస్తుందో ఆ పెరట్లో అందరికంటే ముందు లెక్క కట్టుకున్నది ఆమే. అందుకే కాఫీ అక్కడ పెట్టేసి వెళ్లిపోయింది.

మీ చుట్టాల్లో పెద్దాయన భోజనం మానేశారు, మీరు వాట్సాప్ గ్రూపు పోగొట్టుకున్నారు, ఆమె మూడిళ్ల పని పోగొట్టుకుంది.

ఆమెది పిరికితనం అనుకోకండి. మీరు కారంచేడు గురించి చదివానన్నారు కదా. అది ఎక్కడ మొదలైందో గుర్తు తెచ్చుకోండి. 1985 జులైలో మాదిగపల్లె మంచినీళ్ల చెరువులో పెద్దకులం వాళ్లు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక పల్లె కుర్రాడు అడ్డుపడ్డాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త అనే ఆవిడ తన చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, వాడ మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. చుండూరులో 1991లో గొడవ సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు పెద్దకులం అతనికి తగలడంతో మొదలైంది. ముందు పనులు మాన్పించారు, తర్వాత ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులని చంపారు. మీ ప్రాంతం నుంచి ఈ ఊళ్లు ఎంత దూరం? మీకు ఇవి మూడేళ్ల కిందట పుస్తకంలో దొరికాయి. ఆమె ఇంట్లో ఇవి పిల్లలకి అన్నం పెడుతూ చెప్పుకునే సంగతులు. ఎవరు మాట్లాడితే ఎవరికి దెబ్బ తగులుతుందో ఆమెకి పుస్తకం చెప్పక్కర్లేదు.

మాట్లాడటానికి ఖరీదు ఉంటుంది. అది మాట్లాడేవాళ్లే కట్టుకునేలా చూసుకోవాలి. మీకు నేను చెప్పదలిచింది ముఖ్యంగా ఇదే. మీకు ప్రాణమైన ‘కుల నిర్మూలన’ పుట్టుకే చూడండి. లాహోర్‌లో జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు కులానికి వ్యతిరేకులే, అంబేడ్కర్‌ని తమ సభకి అధ్యక్షుడిగా పిలిచింది వాళ్లే. ప్రసంగం కాపీ చూశాక అక్కడక్కడ తీసేయమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నారాయన. సభ రద్దయింది. 1936లో ఆయన సొంత ఖర్చుతో పదిహేను వందల కాపీలు అచ్చు వేయించుకున్నారు. పుస్తకం మొదట్లో ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు ఉంటాయి, చాలామంది ముందుమాట అనుకుని దాటేస్తారు. ఈసారి అక్కడి నుంచి చదవండి.

ఇంకొకటి మన రాజమండ్రిలోదే. 1881 డిసెంబరులో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. వెలివేశారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి పెళ్లివాళ్లకి వండిపెట్టారు. ఊరూరా విగ్రహం పంతులుగారికి ఉంది. నీళ్ల బిందె మాత్రం ఆవిడ భుజం మీదే ఉంది. అయినా అది ఆ ఇంటి బిందె, ఆ ఇంటి భుజం. ఊళ్లో ఇంకెవరి భుజం మీదా పెట్టలేదు. మీ ఇంట్లో జరిగినదానికీ దీనికీ తేడా అక్కడే ఉంది.

సరే, ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం. ముందు ఆమె సంగతి, మిగతావన్నీ తర్వాత.

“ఆమెని మళ్లీ ఎలా తీసుకురావాలి” అని అడిగారు. ఎందుకు తీసుకురావాలి? ఆ ఇంటికి రావాలని ఆమెకి ఉందో లేదో మీకు తెలియదు. మీ మనసు తేలికపడాలంటే ఆమె మళ్లీ ఆ పెరట్లో కనబడాలి, అది నాకు అర్థమవుతుంది. కానీ మీ మనసు తేలిక చేసే పని కూడా ఆమెకే అప్పగించకండి.

ఆమె ఇంటికి వెళ్లడం ఒక దారి. మంచిదే అనిపిస్తుంది. కానీ మీ ఇంటి కోడలు కాలనీలోకి వెళ్తే వీధి మొత్తం చూస్తుంది, సాయంత్రానికి కథలు పుడతాయి. మార్కెట్లో ఆమె మిమ్మల్ని తప్పించుకున్నది కూడా నలుగురూ చూస్తున్నారనే. నేనైతే ఆమె ఇంకా చేస్తున్న ఆ నాలుగో ఇంటివాళ్ల ద్వారా గానీ, మీ స్కూల్లో ఆయా ద్వారా గానీ ఒకే ఒక్క మాట పంపిస్తాను: మీతో మాట్లాడాలి, ఎక్కడ, ఎప్పుడు అనేది మీ ఇష్టం, వద్దంటే వద్దు. జవాబు రాకపోతే అదే జవాబు. రెండోసారి పంపకండి.

కలిస్తే, ఉపన్యాసం వద్దు, ఏడవడం అసలే వద్దు. మీరు ఏడిస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చాలి, అది ఇంకో చాకిరీ. “మిమ్మల్ని అడక్కుండా మీ గురించి అందరి ముందు మాట్లాడాను, దానివల్ల మీకు పని పోయింది, తప్పు నాది” అనండి. అన్నాక డబ్బు సంగతి మాట్లాడండి. సిగ్గుపడకండి. మీ ఉత్తరం అయిదో పేజీలో బ్రాకెట్లో ఒక వాక్యం రాశారు: నాలుగేళ్లుగా ఆమె జీతం పెంచలేదు, పెంచుదామని మీరూ అనుకున్నారు కానీ ఇంటి ఖర్చుల్లో పడి కుదరలేదు. ఏడు పేజీల్లో నన్ను అన్నిటికంటే ఆపింది ఆ బ్రాకెట్. గ్లాసు మార్చాలంటే అత్తగారిని ఎదిరించాలి, పుస్తకాల్లో దాని గురించి ఉంటుంది, కోపం వస్తుంది. జీతం పెంచాలంటే మీ పర్సు తీస్తే చాలు. ఎవరూ చప్పట్లు కొట్టరు. మీకు మీ జీతం ఉంది కదా. పోయిన రెండు నెలల మీ ఇంటి జీతం మీరు ఇవ్వడం దానం కాదు, బాకీ. మిగతా రెండిళ్లది కూడా మీవల్లే పోయింది కాబట్టి, ఆమె ఒప్పుకుంటే, కొత్త పని కుదిరేదాకా ఎంతో కొంత సర్దడం న్యాయం. మీ టీచర్లలో ఎవరికైనా పనిమనిషి కావాలేమో వాకబు చేయండి. అయితే అక్కడ కూడా ఆ గొడవ కథ చెప్పి పంపకండి. పని బాగా చేస్తుంది, ఇంత ఇవ్వండి అని చెప్పండి, చాలు.

డబ్బు తీసుకోనంటుందేమో. తీసుకుని, ఇంక మీ మొహం చూడనంటుందేమో. ఆమె ఇష్టం. పదకొండేళ్లు మీ ఇంట్లో ఆమెకి లేనిది అదే కదా.

కేసు సంగతి కూడా రాశారు, చిన్నత్తగారి మీద ఫిర్యాదు చేయనా అని. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని పాటించడం నేరమని 1955 చట్టం ఉంది, దానికే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరాల్లో చేరింది. ఆ రెండిళ్లవాళ్లు పని మాన్పించడం దాని కిందికి వస్తుందా అన్నది లాయరు వివరాలన్నీ విని చెప్పాల్సిన మాట. చట్టం ఉంది, పదును ఉంది. కానీ కేసు పెడితే స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సింది, ఎదుటి లాయరు ప్రశ్నలకి నిలబడాల్సింది ఆమె. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది, జరిగిన పదహారేళ్లకి. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. అంత ఘోరానికే దారి అంత పొడుగు. కాబట్టి ఈ నిర్ణయం ఆమెది, ఆమె ఇంటివాళ్లది. మీరు చేయగలిగిందల్లా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఎస్సీలకి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారని ఆమెకి చెప్పడం. కేసు పెడితే సాక్షిగా నిలబడతానని చెప్పడం. రెండోది చెప్పేముందు ఆలోచించుకోండి. మీ వాళ్ల మీద సాక్ష్యం చెప్పాలి. చెప్పి, తర్వాత వెనక్కి తగ్గితే ఆమెకి జరిగే నష్టం మొదటిదానికంటే పెద్దది.

ఇప్పుడు ఇంట్లో సంగతికి వద్దాం. అత్తగారితో మాటల్లేవన్నారు. ఇక్కడ మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, మీరు గమనించారో లేదో. ఫంక్షన్ రోజు అమ్మాయిని కూర్చోబెట్టి అందరూ అక్షింతలు వేస్తుంటే, “మామగారు పోయినప్పటి నుంచి అత్తయ్యగారు శుభకార్యాల్లో ముందుకు రారు, లోపలి గదిలో కూర్చున్నారు” అని రాశారు. సొంత మనవరాలికి ఓణీ వేస్తుంటే అమ్మమ్మ లోపలి గదిలో! అదే ఇంట్లో, అదే పూట. దాని మీద మీకు కోపం రాలేదు. ఆ రోజు మీరు చెప్పిన పది నిమిషాల్లో ఆ గది లేదు.

రెండూ ఒకటేనని అనడం లేదు. అత్తగారికి భూమి ఉంది, పరపతి ఉంది, గిన్నెల మీద నీళ్లు పోసే అధికారం ఉంది. ఆవిడ లోపలి గదిలో కూర్చున్నా గ్లాసు ఎక్కడ ఉండాలో ఆవిడే చెప్తుంది. కానీ ఈ రెండిటికీ చుట్టరికం ఉంది. అంబేడ్కర్ 25 ఏళ్ల వయసులో, 1916లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసం ఒకటుంది, భారతదేశంలో కులాల పుట్టుక మీద. కులం కంచె నిలబడాలంటే ఆడవాళ్లని కట్టడి చేయక తప్పదని, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం అందుకే వచ్చాయని అందులో వాదించారు. మీ తర్వాతి పుస్తకం అది. చిన్నదే.

కాబట్టి అత్తగారి దగ్గర మూడు దారులు కనబడుతున్నాయి నాకు. క్షమాపణ చెప్పి ఊరుకోవడం ఒకటి. ఇల్లు చల్లబడుతుంది, గూట్లో గ్లాసు గూట్లోనే ఉంటుంది, ఇకపై మీరు నోరెత్తిన ప్రతిసారీ “అప్పుడూ ఇలాగే అన్నావు, తర్వాత తప్పయిందన్నావు” అంటారు. అందుకే అది నాకు నచ్చదు. పట్టుదలకి పోయి వేరు కాపురం పెట్టడం ఇంకొకటి. మీరు ఉత్తరంలో ఆ మాట అన్నారు, మీ ఆయన ఒప్పుకోరని మీరే రాశారు. ఒప్పుకున్నా, ఆ ఇంటి పెరడు అలాగే ఉంటుంది, మీకు కనబడదు, అంతే తేడా.

మూడోది ఆలస్యంగా సాగేది. నలుగురిలో ఏడిపించినందుకు ఆవిడకి క్షమాపణ చెప్పండి, గ్లాసు విషయంలో చెప్పకండి. ఆ రెండిటినీ విడదీసి, ఆ మాటలే వాడి చెప్పండి. తర్వాత కొన్నాళ్లు ఆగి, లోపలి గది గురించి అడగండి. ఆవిడకి ఆ రోజు బయటికి రావాలని అనిపించిందా అని. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. దీన్ని ఎత్తుగడగా వాడకండి, ఆవిడ చేత “అవును బాధేసింది” అనిపించి, “మరి ఆమెకి?” అని వెంటనే కొట్టడానికి. ముసలివాళ్లు మనకంటే తెలివైనవాళ్లు, ఉచ్చు అని తెలిస్తే నోరు మూసుకుంటారు. నిజంగా తెలుసుకోవడానికే అడగండి. ఆవిడ మారకపోవచ్చు కూడా. 68 ఏళ్లకి మారినవాళ్లని చూశాను, మారనివాళ్లని ఎక్కువమందిని చూశాను.

ఆవిడ మారేదాకా వంటిల్లు ఆగక్కర్లేదు. మీ ఆయన “నిజమే, కానీ నలుగురిలోనా” అన్నారు. మంచిది, ఆ మాట పట్టుకోండి. నలుగురూ వెళ్లిపోయారు, ఇప్పుడు ఇద్దరే ఉన్నారు. “నిజమే అన్నారుగా, మరి మనింట్లో ఏం చేద్దాం?” అని అడగండి. కొత్తగా ఎవరు పనికి వచ్చినా ఒకే రకం గ్లాసులు, కూర్చోవడానికి స్టూలు, ఏటా జీతం పెంపు, నెలకి కనీసం రెండు సెలవులు, పేరు పెట్టి పిలవడం. ఒప్పుకుంటే అత్తగారికి ఆ మాట ఆయన చెప్పాలి, మీరు కాదు. కొడుకు చెప్తే ఇంటి నిర్ణయం అవుతుంది, కోడలు చెప్తే పుస్తకాల పిచ్చి అవుతుంది. అన్యాయమే, కానీ మీ ఇంట్లో అధికారం అలా పంచి ఉంది, దాన్ని వాడుకోండి. అత్తగారు అలిగి విడిగా వండుకోవచ్చు. కొన్నాళ్లు రెండు పొయ్యిలు వెలుగుతాయి. ఊళ్లో నవ్వుతారు. అది మీ ఇంటివాళ్లు భరించాల్సిన ఖరీదు, భరించదగ్గదే. మీ ఆయన మాట దాటేస్తే, ఆయన అభ్యంతరం నలుగురి గురించి కాదని మీకు తెలిసిపోతుంది. అప్పుడు గొడవ ఎవరితోనో కూడా తేలుతుంది. అంట్లు మీరిద్దరూ తోముకోవడం అనే దారి ఒకటుంది, ఆయన దాన్ని ఇష్టపడతారని నాకు నమ్మకం లేదు.

పుస్తకాలు అటక ఎక్కించకండి. కానీ చదివే తీరు గురించి ఒక మాట. సోషల్ టీచర్లం మనం, చదివింది వెంటనే పాఠం చెప్పేయాలనిపిస్తుంది. ‘గబ్బిలం’ చదివానన్నారు. అందులో అంటరాని మనిషి తన గోడు తనే చెప్పుకుంటాడు, గబ్బిలానికి సందేశం అప్పగిస్తాడు. గబ్బిలం మోసుకెళ్లాలి, అంతే, మధ్యలో సొంత కవిత్వం కలపకూడదు. మీరూ నేనూ మహా అయితే ఆ గబ్బిలాలం. జాషువా మీ వినుకొండవాడే కదా. దళిత ఆడవాళ్లు రాసినవి ఇంకా మీ జాబితాలో రాలేదు: గోగు శ్యామల, జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి రాసినవి తెచ్చుకోండి. ఎంగిలి గిన్నెల అవతలి వైపు నుంచి ఇల్లు ఎలా కనబడుతుందో వాళ్లు చెప్తారు. చదివిన మర్నాడే ఎవరినీ దిద్దకండి, కొన్నాళ్లు మీలోనే ఉంచుకోండి.

ఇక ఏప్రిల్ 14. మాస్టారు మంచి ఉద్దేశంతోనే పిలిచి ఉంటారు. కానీ ఆ సభలో ఆ కథ చెప్పకండి. ఎంత జాగ్రత్తగా చెప్పినా అందులో గ్లాసు నేలకేసి కొట్టిన వీరనారి మీరే అవుతారు. పైగా టౌనంతా ఆమె ఎవరో పోల్చుకుంటుంది, మిగిలిన ఆ ఒక్క ఇల్లు కూడా పోతుంది. ఆమె స్వయంగా చెప్పమంటే వేరే సంగతి. సభకి మాత్రం వెళ్లండి. వెళ్లి కింద కూర్చోండి, వచ్చేవాళ్లు ఏం మాట్లాడతారో వినండి, కుర్చీలు వేయాలంటే వేయండి. మీ ఇంటి కోడలు జయంతి సభలో ముందు వరసలో కూర్చుందన్న వార్త మీ పెద్ద మామగారికి ఎలాగూ చేరుతుంది, దానికి వచ్చే అక్షింతలు మీ నెత్తిన పడతాయి, ఇంకెవరి మీదా పడవు. మాట్లాడక తప్పదంటే, మీ ఇంటి లెక్క చెప్పండి: నాలుగేళ్లు జీతం ఎందుకు పెంచలేదో. అది చెప్పడం గ్లాసు కథ కంటే కష్టం. ఆ కష్టం మీదే.

చివరి పేజీలో పాప గురించి రాశారు. నేలకేసి కొట్టిన గ్లాసు మర్నాడు పొద్దున సొట్టతో మళ్లీ గూట్లోనే ఉందని, “ఎవరు పెట్టారమ్మా?” అని పాప అడిగితే జవాబు చెప్పలేదని. పాపకి నిజం చెప్పండి. ఆ గ్లాసు ఎందుకుందో, మీరు పదేళ్లు దాన్ని చూస్తూ ఎందుకు ఊరుకున్నారో, కొట్టినప్పుడు ఏం జరిగిందో. పిల్లలకి మన గొప్పలు చెప్పినంత తేలిగ్గా ఇవి చెప్పలేం, నాకు తెలుసు. గ్లాసుని మాత్రం బయట పారేయకుండా లోపలికి తెచ్చి మిగతా గ్లాసుల్లో కలిపేయండి. సొట్టతోనే. రేపు అది ఎవరి చేతికి వస్తే వాళ్లు తాగుతారు.

మళ్లీ రాస్తే ఆమె పేరు రాయండి. పత్రికలో వేయను.